చేతికి తగిన మీట
(అమెచ్యూర్ రేడియోలో కీయర్‌ను ఎన్నుకొను విధము: గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున కావ్యములను గూర్చియు, చరిత్రలను గూర్చియు పెద్దలు ముచ్చటించుట సహజము. వానితోబాటు చేతితో చేసి చూడదగిన విద్యలను గూర్చి నాలుగు మాటలు చెప్పుటయు ఉచితమే. చదివినదానికి చేయి తోడైనప్పుడే ఆ చదువు చిరకాలము నిలుచును. అట్టి విద్యలలో అమెచ్యూర్ రేడియో యొకటి. దీనినే లోకమున 'హామ్ రేడియో' అని వ్యవహరింతురు. జీతమునకు గాక, లాభమునకు గాక, కేవలము జిజ్ఞాసతో, ప్రభుత్వానుమతి పొంది, తన యింటనుండియే రేడియో మూలమున దూరదేశములవారితో సంభాషించుట ఈ విద్యయొక్క స్వరూపము. ఇందు మోర్సు సంకేతములతో వార్త పంపువారు 'కీయర్' అను చిన్న విద్యుత్ సాధనమును వాడుదురు. అది యేమి చేయును, ఏమి చేయజాలదు, దానిని ఎన్నుకొనుట ఎట్లు అనునవియే నేటి ప్రసంగ విషయములు.

అరచేతిలో ఇముడు పెట్టెను గూర్చి ఇంత చర్చ యేల యని కొందరికి తోచవచ్చును. ఎన్నిక తప్పినచో మూడు నష్టములు కలవు. మొదటిది, కూడబెట్టిన సొమ్ము వృథా యగుట. రెండవది, పంపదలచిన అక్షరమొకటి, గాలిలోనికి పోయిన అక్షరము వేరొకటి యగుట. మూడవది అన్నిటికంటె పెద్దది: తప్పు తనదో యంత్రముదో తెలియక, "ఈ విద్య నా వలన కాదు" అని క్రొత్తగా నేర్చుకొనువాడు నిరాశతో విడిచిపెట్టుట. యంత్రమునకును చేతికిని పొత్తు కుదరనంత మాత్రమున ఒక విద్యార్థి విద్యకే దూరమగుట విచారకరము గదా!

"తంతి వచ్చినది" అన్న మాట విన్నంతనే ఇల్లిల్లు ఉలికిపడిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. 1844 మే 24వ తేదీన అమెరికాలో వాషింగ్టన్ నుండి బాల్టిమోరునకు శామ్యూల్ మోర్సు పంపిన తంతివార్తతో ఆ యుగము బలపడినది. భారతదేశమున 1850లో కలకత్తాకును డైమండ్ హార్బరునకును నడుమ ప్రయోగముగా వేసిన తీగతో తంతికి నాంది జరిగినది. 2013 జూలై 14తో ఈ దేశమున ప్రభుత్వపు టెలిగ్రామ్ సేవ ముగిసినది. తంతి ఆగినను ఆ సంకేతము ఆగలేదు. రేడియో ఔత్సాహికులు దానిని నేటికిని ప్రీతితో వాడుచున్నారు.

ఇది కేవలము పాతదానిపై మమకారము కాదు. కంఠస్వరమును పంపుటకు ఆకాశమార్గమున సుమారు 2,500 హెర్ట్‌జుల వెడల్పు కావలయును. మోర్సు సంకేతమునకు నూటయేబది హెర్ట్‌జుల చోటు చాలును. విశాలమైన కాలువలో పలుచగా పారు నీటికంటె సన్నని బోదెలో పారు నీరు దూరము పోవునట్లు, ఇరుకు మార్గమున పోవు సంకేతము కొలది వాట్ల శక్తితోడనే సముద్రములు దాటగలదు. మాట వినబడనంత రొదలోను మోర్సు ధ్వని చెవికి చిక్కును. పెద్ద స్తంభములు, పెద్ద యంత్రములు కొనలేని సామాన్యునకు ఇది గొప్ప సదుపాయము. 2003లో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశము మోర్సు పరీక్షను విధించుటయో మానుటయో ఆయా దేశముల యిష్టమునకు విడిచినది. అమెరికా 2007లో ఆ పరీక్షను పూర్తిగా తొలగించినది. ఐనను నేర్చుకొనువారు నేర్చుకొనుచునే యున్నారు.

ఇక సంకేత స్వరూపము. ఇందు రెండే గుర్తులు: చుక్క, గీత. తెలుగు ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్త కాదు. చుక్క లఘువు, గీత గురువు. ఛందస్సున గురువునకు రెండు మాత్రలైనచో ఇందు గీతకు ప్లుతమువలె మూడు మాత్రలు. ఒక అక్షరములోని గుర్తుల నడుమ ఒక మాత్ర విరామము. అక్షరమునకును అక్షరమునకును నడుమ మూడు మాత్రలు. మాటకును మాటకును నడుమ ఏడు మాత్రలు. ఇంతియే లక్షణము. ఇంగ్లీషు అక్షరము 'ఏ' లఘువు, గురువు, అనగా వగణము. 'ఎన్' గురువు, లఘువు, అది హగణము. 'యు' సగణము. 'కె' రగణము. 'వి' అను అక్షరము మూడు లఘువులపై గురువు. ఆటవెలది, తేటగీతి పద్యములందు కనబడు నగమను ఇంద్రగణమే అది. భారతదేశపు రేడియో ఔత్సాహికుల పిలుపుపేర్లు సాధారణముగా 'వి', 'యు' అను అక్షరములతో మొదలగును గనుక, ఇచ్చటివారు అనుదినము మొదట పలుకునవి ఆ నగ, సగణములే.

వేగమును నిమిషమునకు ఇన్ని మాటలని కొలుతురు. 'ప్యారిస్' అను మాటను, దాని తరువాతి విరామముతో కూడ, 50 మాత్రలుగా లెక్కించి ప్రమాణముగా గైకొందురు. నిమిషమునకు 12 మాటలు పంపునప్పుడు ఒక్క చుక్క సెకనులో పదవ వంతు. 20 మాటలు పంపునప్పుడు అది 60 మిల్లీసెకన్లు. 25 మాటలకు 48 మిల్లీసెకన్లు. మనుష్యుని చేయి ఇంత సూక్ష్మమైన కొలతను గంటల తరబడి చెడకుండ నిలుపుట యెంత కష్టమో ఊహింపవచ్చును.

మొదటి తంతి మీట ఒక్కటే పని చేయునది. నొక్కినచో ప్రవాహము పోవును, విడిచినచో ఆగును. చుక్కకు ఒక నొక్కు, గీతకు ఒక నొక్కు. 'హెచ్' అను అక్షరమునకు నాలుగు నొక్కులు, అయిదవ అంకెకు అయిదు నొక్కులు. దినమునకు వేలకొలది నొక్కులు నొక్కిన తంతి గుమాస్తాలకు మణికట్టు బిగిసి, వ్రేళ్లు స్వాధీనము తప్పుచుండెడివి. అమెరికా తంతివారు దీనిని 'గాజు చేయి' యనిరి. బ్రిటిష్ తపాలా శాఖవారు ఈ వ్యాధిని విచారించుటకు ప్రత్యేకముగా సంఘమును నియమింపగా 1911లో దాని నివేదిక వెలువడినది. జీవనోపాధి చేతిలో నుండగా ఆ చేయి పడిపోయినచో కుటుంబమే పడిపోవును. కనుక మీట రూపమును మార్చుట వేడుక కొరకు గాక అవసరము కొరకు జరిగిన పని.

1904, 1905 సంవత్సరముల ప్రాంతమున హొరేస్ మార్టిన్ అను అమెరికా శిల్పి 'వైబ్రోప్లెక్స్' అను మీటను నిర్మించెను. ప్రక్కకు నొక్కినచో ఒక కమ్మీ తనంతట ఊగుచు చుక్కలను వరుసగా పంపును. గీతలను మాత్రము చేతితోడనే నొక్కవలెను. దీనికి 'బగ్' అను ముద్దుపేరు వచ్చినది. తరువాత వాల్వుల కాలమున విద్యుత్తుతో చుక్కలను, గీతలను రెంటిని కొలిచి పంపు సాధనములు పుట్టినవి. అవియే కీయర్లు. అమెరికా ఔత్సాహికుల మాసపత్రిక 'క్యు.ఎస్.టి.'లో 1953లో 'అల్టిమాటిక్' అను కీయర్ వర్ణన వెలువడినది. అదే పత్రికలో 1973 ఆగస్టున 'ఆక్యుకీయర్' అను నిర్మాణము ప్రకటింపబడినది. 1970ల దశాబ్దముననే 'కర్టిస్' కీయర్ చిప్పులు అంగడికి వచ్చి, గుప్పెడు భాగముల పని ఒక్క తునకలో ఇమిడిపోయినది. ఈనాడు నాణెముకంటె చిన్నదైన మైక్రోకంట్రోలరు ఆ పని యంతయు చేయుచున్నది.

కీయర్‌తో వాడు మీటకు 'ప్యాడిల్' అని పేరు. దానికి రెండు ప్రక్కల రెండు రేకులుండును. సాధారణముగా బొటనవ్రేలితో నొక్కినచో చుక్కలు, చూపుడువ్రేలితో నొక్కినచో గీతలు. ఎడమచేతివాటము వారు వీనిని తారుమారు చేసికొనవచ్చును. వ్రేలు నొక్కియుంచినంత సేపు చుక్కలో గీతలో సమానమైన కొలతతో వచ్చుచునే యుండును. ఇట్లు నాలుగు నొక్కుల 'హెచ్' ఒక్క నొక్కయినది. చేతికి శ్రమ ఎంత తగ్గినదో చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గుర్తెరుగవలెను. కీయర్ కొలుచునది చుక్కను, గీతను, వాని నడుమనున్న ఒక మాత్ర విరామమును మాత్రమే. అక్షరముల నడుమ మూడు మాత్రలు, మాటల నడుమ ఏడు మాత్రలు నిలుపు భారము మనుష్యునిదే. అక్షరముల నడుమ ఎడమును సవరించు ఏర్పాటు కొన్నింట నున్నను, దానికి అలవడుట మరియొక విద్య. కనుక విరామము లేక తొందరపడి పంపువాడు కీయర్ కొన్నను తొందరగానే పంపును. చెవికి అక్షరములు గుమిగూడి, విడివడక, అర్థము కాకుండ పోవును. పైగా చేతిమీటతో తప్పినప్పుడు ఆ తప్పు వంకరగా వినబడి పట్టుబడును. కీయర్‌తో తప్పినప్పుడు ఆ తప్పు కూడ చక్కని కొలతతో, నిజమైన అక్షరమువలె వినబడును. 'వి' పంపబోయి వ్రేలు ఒక్క క్షణము ఆలస్యముగా తీసినచో మూడు చుక్కలకు బదులు నాలుగు చుక్కలు పడి, అది నాలుగవ అంకె యగును. వినువాడు తప్పని యెరుగడు, నాలుగని వ్రాసికొనును. ఇది కీయర్ గుణమును, కీయర్ దోషమును కూడ.

అందువలన కీయర్ కొనదలచినవారు వేసికొనదగిన ప్రశ్నలు వరుసగా పరిశీలింతము.

మొదటి ప్రశ్న: అసలు కొనవలెనా? నేడు దొరకు రేడియో యంత్రములు పెక్కింటిలో కీయర్ లోపలనే యుండును. ప్యాడిల్ తీగను వెనుకనున్న రంధ్రమున గ్రుచ్చి, యంత్రముతో వచ్చిన పుస్తకమున చెప్పిన రీతిగా దానిని మేల్కొలిపినచో చాలును. ఆ పుస్తకము చదువక వేరు పెట్టె కొన్నవారు ఇంట బావి యుండగా పొరుగూరినుండి నీళ్లు మోసికొనువారితో సమానులు. పాత యంత్రము కలవారికి, లోపలనున్న కీయర్ నడక చేతికి పొసగనివారికి, రేడియో లేకుండగనే సాధన చేయదలచినవారికి వేరు కీయర్ అవసరము.

రెండవ ప్రశ్న: ప్యాడిల్ మంచిదేనా? సొమ్ము పరిమితముగా నున్నచో అందు ఎక్కువ భాగము ప్యాడిల్‌కు, తక్కువ భాగము కీయర్‌కు వెచ్చించుట వివేకము. కొలత విషయమున చౌక కీయర్‌కును ఖరీదైన కీయర్‌కును ఆట్టే భేదము లేదు. రెండును లెక్క తప్పవు. ప్యాడిల్ విషయమున మాత్రము భేదము ప్రతి నొక్కునను తెలియును. నొక్కినప్పుడు బల్లపై జరుగకుండ అడుగు బరువుగా నుండవలెను. రేకుల ఎడమును కాగితపు మందమంత సన్నముగా సవరింప వీలుండవలెను. స్ప్రింగు బిగువును చేతికి తగినట్లు మార్చుకొన వీలుండవలెను. తాకుచోట్లు శుభ్రముగా నుండవలెను. కొనలేనివారు హాక్సా బ్లేడు ముక్కలను రెంటిని చెక్కపై బిగించి ప్యాడిల్ చేసికొనుట కలదు. అట్టి ఇంటి ప్యాడిల్‌తో నేర్చుకొని చక్కగా పంపువారున్నారు.

మూడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది: కీయర్ ఏ విధానమున నడచును? రెండు రేకులను ఒక్కసారి నొక్కిపట్టినచో చుక్క, గీత, చుక్క, గీత అని లఘుగురువులు ఒకదాని తరువాత నొకటిగా వచ్చుచుండును. లఘువుపై గురువు వచ్చు నడకను గ్రీకు ఛందస్సున 'అయాంబిక్' అందురు గనుక, ఈ పద్ధతికిని 'అయాంబిక్' అనియే పేరు. గురువు, లఘువు, గురువు, లఘువుగా నుండు 'సి' అను అక్షరము 'గలగల' యన్నమాట. గీత రేకును ముందుగా తాకి రెండు రేకులను కలిపి పట్టినచో ఆ 'గలగల' ఒక్క పట్టుతో వచ్చును. చేతిమీటతో ఇది నాలుగు నొక్కుల పని.

ఈ అయాంబిక్‌లో రెండు శాఖలు కలవు. వానిని 'ఎ' విధానము, 'బి' విధానము అందురు. భేదమంతయు వ్రేళ్లు విడిచిన తరువాత ఏమి జరుగుననుటలో నున్నది. 'ఎ' విధానమున వ్రేళ్లు విడిచినప్పుడు నడచుచున్న గుర్తు పూర్తియై అంతటితో ఆగును. 'బి' విధానమున నడచుచున్న గుర్తు పూర్తియైన పిదప దానికి ఎదురు గుర్తు మరియొకటి తనంతట చేరును. చూచుటకు ఇది వెంట్రుకవాసి భేదము. ఫలితము మాత్రము అక్షరమునే మార్చును. 'ఎ' విధానమున పెరిగినవాడు 'కె' పంపదలచి రెండు రేకులు పట్టి, రెండవ గీత నడచుచుండగా విడుచును. అతని చేతిలో 'బి' కీయర్ పెట్టినచో ఆ గీత వెంట ఒక చుక్క వచ్చి చేరి, 'కె' కాస్త 'సి' యగును. 'బి' విధానమున పెరిగినవాడు 'సి' పంపదలచి రెండవ గీతకడనే విడుచును, చివరి చుక్క తనంతట వచ్చునని అతని నమ్మకము. అతని చేతిలో 'ఎ' కీయర్ పెట్టినచో ఆ చుక్క రాదు, 'సి' కాస్త 'కె' యగును. మోర్సు సంభాషణలో 'కె' అను అక్షరమునకు "ఇక మీరు పలుకుడు" అని అర్థము. రగణము హగణద్వయమైనచో పద్యము చెడుటయే గాక, ఎదుటివానికి తన వంతు వచ్చినదో లేదో తెలియక సంభాషణయే ఆగిపోవును.

'ఎ' మేలా, 'బి' మేలా అని వాదించుకొనువారు కలరు. ఆ వాదమునకు అంతు లేదు, అవసరమును లేదు. వ్రేళ్లకు ఏది అలవడినదో అదియే మేలు. క్రొత్తవారు ఒకదానిని గైకొని దానినే పట్టుకొనవలెను. నెలకొక విధానము మార్చువాని వ్రేళ్లు రెంటికిని చెడును. కనుక కొనబోవు కీయర్‌లో రెండు విధానములను స్వేచ్ఛగా మార్చుకొను వీలున్నదా యని మొదట విచారింపవలెను. కొన్ని పాత కీయర్లలో ఒకే విధానము స్థిరముగా నుండును. అమ్మువారు చెప్పనిచో పైన చెప్పిన 'కె' పరీక్షతో నిమిషములో కనిపెట్టవచ్చును. ఒకే రేకు గల ప్యాడిల్ వాడువారికి ఈ చిక్కు లేదు. రెండు ప్రక్కల ఒక్కసారి నొక్కుట దానితో సాధ్యము కాదు గనుక 'ఎ', 'బి' భేదము వారికి అడ్డురాదు. 'అల్టిమాటిక్' విధానమున రెండు రేకులు పట్టినప్పుడు కడపట నొక్కిన గుర్తే వరుసగా వచ్చును. బగ్ మీటకు అలవడిన వృద్ధులకొరకు చుక్కలు మాత్రము తానే పంపి గీతలు చేతికి విడుచు విధానము కూడ కొన్నింటిలో కలదు.

నాలుగవ ప్రశ్న: కీయర్‌కును రేడియోకును పొత్తు కుదురునా? కీయర్ చివరకు చేయు పని మీటకు బదులుగా రెండు తీగలను కలుపుట, విడదీయుట. నేటి ట్రాన్సిస్టర్ యంత్రములలో ఆ తీగలపై కొలది వోల్టులే యుండును. పాత వాల్వు యంత్రములలో కొన్నింట నూరు వోల్టులకు పైబడియు నుండవచ్చును. అదియు కొన్నింట ధనవిద్యుత్తు, కొన్నింట ఋణవిద్యుత్తు. అల్పవోల్టులకు నిర్మించిన కీయర్‌ను అట్టి యంత్రమునకు తగిలించినచో మొదటి నొక్కుతోడనే దాని లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవును. కాబట్టి యంత్రపు పుస్తకమున మీటకడ వోల్టులెన్ని, మిల్లీఆంపియర్లెన్ని, ధనమా ఋణమా అని చూచి, కీయర్ అంతకు ఓర్చునో లేదో సరిపోల్చవలెను. రిలే గల కీయర్ ధనఋణ భేదము లేక పనిచేయును, కాని టకటకమని చప్పుడు చేయును. మిక్కిలి వేగమున వెనుకబడవచ్చును. పాత వాల్వు యంత్రపు మీటకడ బయటపడియున్న లోహమును తాకుట ప్రమాదము. ఈ పని తెలిసినవారిని ప్రక్కన బెట్టుకొని చేయవలెను.

ప్రసారము సాగునప్పుడు రేడియో శక్తి కీయర్ తీగలలోనికి చొరబడి, నొక్కకుండగనే చుక్కలు పుట్టించుట మరియొక బాధ. లోహపు పెట్టెలోనున్న కీయర్, పొట్టివియు కవచము గలవియు నగు తీగలు దీనికి విరుగుడు. చెక్క పెట్టె చూపునకు అందముగా నున్నను ఈ విషయమున లోహపు పెట్టెయే మేలు.

అయిదవ ప్రశ్న: వేగమును మార్చుట సులభమా? ఎదుటివాడు నెమ్మదిగా పంపుచున్నప్పుడు తానును నెమ్మదింపవలెననుట ఈ విద్యలో మొదటి మర్యాద. త్రిప్పుడు గుండీ యున్న కీయర్‌లో అది క్షణములో జరుగును. బొత్తాము నొక్కి, ధ్వని విని, మరల నొక్కి వేగము మార్చవలసిన చిన్న కీయర్లు ధరకు తక్కువ, జేబునకు అనుకూలము. సంభాషణ నడుమ మాత్రము అవి తొందరపెట్టును. ఇంట వాడుటకు గుండీ గలది, ప్రయాణమునకు బొత్తాము గలది యని విభజించుకొనవచ్చును.

ఆరవ ప్రశ్న: జ్ఞాపకశక్తి కావలయునా? కొన్ని కీయర్లు "ఎవరైన వినుచున్నారా" అను పిలుపును, తన పిలుపుపేరును, పోటీలలో వరుస సంఖ్యలను దాచుకొని, బొత్తాము నొక్కినంతనే పంపును. గంటల తరబడి పోటీలలో పాల్గొనువారికి ఇది చేతికి విశ్రాంతి. క్రొత్తవారికి దీనివలన ప్రయోజనము స్వల్పము. యంత్రముచేత వేగముగా పిలిపించి, బదులు అంతే వేగముగా వచ్చినప్పుడు అందుకొనలేక తడబడువారిని చూచుచున్నదే. చెవి యెంత వేగమున గ్రహింపగలదో చేయి అంతకు మించి పంపరాదు.

మిగిలినవి చిన్న విషయములు. నిద్రావస్థలో విద్యుత్తును మిక్కిలి అల్పముగా వాడు కీయర్ ఒక నాణెపు బ్యాటరీతో చాలకాలము నడచును. కరెంటు తరచుగా పోవు పల్లెలకు ఇది అనుకూలము. సాధనకొరకు తనలోనే చిన్న శబ్దము చేయు బజర్ ఉండుట అవసరము. రేడియోకు తగిలించినప్పుడు ఆ శబ్దమును ఆపు వీలుండవలెను, లేనిచో రెండు శబ్దములు ఒకదానితో నొకటి పెనగులాడును. టంకము వేయనేర్చిన యువకులకు విడిభాగముల కిట్‌గా దొరకు కీయర్ మంచి పాఠశాల. తాను కూర్చిన పెట్టె చెడినప్పుడు తానే బాగుచేసికొనగలడు.

కొనుటకు ముందు చేయదగిన పరీక్ష యొకటి కలదు. తెలిసినవారి కీయర్‌ను అరగంట అడిగి తీసికొని, రేడియోకు తగిలింపక బజర్‌తో మాత్రమే, తన పేరును, తన ఊరిపేరును, సున్న మొదలు తొమ్మిదివరకు అంకెలను, 'సి', 'కె', 'వి', 'యు' అను అక్షరములను పంపవలెను. ఆ ధ్వనిని ఫోనులో పట్టి, మరునాడు చేతిలో కాగితము పెట్టుకొని, ఇతరుడు పంపినట్లే భావించి వ్రాసికొనవలెను. వ్రాసినది పంపదలచినదేయైనచో ఆ కీయర్ ఆ చేతికి తగినది. అక్షరములు మారినచో మొదట వేగము తగ్గించి చూడవలెను. పిదప విధానము మార్చి చూడవలెను. అప్పటికిని కుదరనిచో కీయర్‌ను నిందింపక, కొంతకాలము చేతిమీటతో సాధన సాగించుట మేలు. మాత్రల లెక్క చెవికి పట్టుబడనిదే ఏ యంత్రమును ఆదుకొనజాలదు.

రేడియో ప్రసారము చేయుటకు భారతదేశమున ప్రభుత్వపు పరీక్షలో నెగ్గి అనుమతిపత్రము పొందవలెను. అనుమతి లేనిదే గాలిలోనికి ఒక్క చుక్కయు పంపరాదు. ఐనను, బల్లపై కీయర్ పెట్టుకొని బజర్ శబ్దముతో సాధన చేయుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. ఒక ప్యాడిల్, ఒక చిన్న కీయర్, ఒక బ్యాటరీ యున్నచో సాయంకాలవేళ నలుగురు యువకులు ఒక బల్లచుట్టు చేరి ఈ విద్యను ఆరంభింపవచ్చును. ఒకరు పంపుట, మువ్వురు వ్రాయుట. పిదప వంతు మార్చుకొనుట. తెలుగునాట ఈ విద్యకు ఆలంబనము లేకపోలేదు. హైదరాబాదున 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ స్థాపింపబడినది. 2004 డిసెంబరు 26న సముద్రము పొంగి అండమానులను ముంచెత్తిన దినమున ఆ సంస్థవారి బృందము శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున పోర్ట్ బ్లెయిర్‌లో రేడియోతో నుండెను. మామూలు మార్గములు తెగిపోయినప్పుడు ఆ బృందము ఆప్తుల క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు చేరవేసినది. వినోదముగా నేర్చిన విద్య విపత్తులో ఎట్లు అక్కరకు వచ్చునో ఇంతకంటె నిదర్శనమేల? తుపానులు ఎరిగిన కోస్తావారికి దీని విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

అట్టి వేళ పంపువాని చేతినుండి బయలుదేరినది 'వి' యో నాలుగో, 'సి' యో 'కె' యో యన్నది చిన్న విషయము కాదు. కావుననే కీయర్ ఎన్నికలో హంగుల పట్టికను చూచి మురియరాదు. ఉన్న రేడియోలో కీయర్ కలదా యని చూచుట, మంచి ప్యాడిల్‌ను సంపాదించుట, వ్రేళ్లకు అలవడిన విధానమును నిలుపుకొనుట, యంత్రమునకు ఓర్చునట్టిదానిని గైకొనుట, జ్ఞాపకశక్తి మొదలగు అలంకారములను చివరకు ఉంచుట. ఈ వరుస తప్పనివారు సొమ్మును నష్టపోరు, విద్యను విడువరు. చుక్కను గీతను యంత్రము కొలుచును. విరామమును మనుష్యుడు కొలువవలెను. ఎదుటివానికి అర్థమగుట యనునది ఆ విరామములోనే యున్నది.

ఈ గ్రంథాలయపు బీరువాలలో రేడియో విద్యను బోధించు పుస్తకములకు ఒక అర, దానిప్రక్కన సాధనకొరకు ఒక ప్యాడిల్, ఒక కీయర్ ఏర్పరచినచో అది రజతోత్సవమునకు తగిన కానుక యగును. పుస్తకమువలెనే దానిని కూడ సభ్యులు వంతులవారీగా ఇంటికి గొనిపోయి, భద్రముగా తిరిగి తేగలరు. ఇరువదియైదు సంవత్సరములుగా గ్రామమున అక్షరదీపమును ఆరనీయక కాపాడిన కార్యకర్తలకు, చందాదారులకు, దాతలకు అభినందనలు. గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఈ గ్రామమునుండి 'వి', 'యు' అని పిలుచు యువకులు, యువతులు పలువురు వెలయుదురు గాక! గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!